సియూ నుంచి తెచ్చిన తలుపు

జనవరి 22, 1976

జైతూని పెద్దమ్మ పొద్దున్నే ఊడిపడింది. డెబ్భై దాటిన మనిషి, లాము దీవి సందులన్నీ పరుగున దాటి వచ్చింది. ఒక చెప్పు కాలికి, ఇంకో చెప్పు చేతిలో. నేను బావి దగ్గర గిన్నెలు కడుగుతున్నాను. అత్తగారు అరుగు మీద కూర్చుని అల్లం కాఫీ తాగుతోంది. పెద్దమ్మ ఆవిడను పలకరించనుకూడా లేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి జబ్బ పట్టుకుంది.

"సోమోయే, మన తలుపు అమ్మేస్తున్నాడే వాడు!"

"ఎవడు? ఏ తలుపు?"

"ఏ తలుపేమిటే, మనకేమన్నా పది తలుపులున్నాయా! సియూలో మీ అమ్మమ్మ ఇంటి తలుపు. ఆ మ్బరాకా గాడు బేరం పెట్టేశాట్ట. మలిందీలో ఎవడో హోటలు కడుతున్నాడు, వాడికి పాత తలుపులు కావాలిట."

మ్బరాకా మా మేనమామ కొడుకు. ఆ ఇల్లు అమ్మమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. మా వాళ్ళలో ఇల్లు ఎప్పుడూ ఆడపిల్లదే. అమ్మమ్మ తర్వాత పెద్దమ్మదీ మా అమ్మదీ. అమ్మ పోయింది కనక అమ్మ వాటా నాది. మ్బరాకాకు మేం ఇచ్చింది తాళంచెవి ఒక్కటే.

అరుగు మీంచి అత్తగారు అందుకుంది. "కప్పు కూలిపోయిన కొంపకి తలుపెందుకు, జైతూనీ?"

"పళ్ళూడిపోయిన నోటికి మాటలెందుకు?" అంది పెద్దమ్మ.

నేను నవ్వాపుకోలేక బావిలోకి వంగాను. చేద జారి నీళ్ళలో పడింది.

చూసి వస్తామని చెప్పాను. చూడటానికి మాత్రమే. పోయి చూసి, మ్బరాకాతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేస్తాం. అయినా అన్నం సయించలేదు.

మా ఆయన అబూద్ నుంచి ఇవాళ కూడా కబురు లేదు. మొంబాసాలో పని ఎక్కువగా ఉండి ఉంటుంది.

జనవరి 23

పడవ వచ్చింది. కబురు లేదు.

జనవరి 26

మధ్యాహ్నం పెద్దమ్మ ఇంట్లోనే ఉండిపోయాను. తలుపు సంగతి మొదటినుంచీ చెప్పమన్నాను. చిన్నప్పుడు వందసార్లు విన్నదే. అప్పుడు సగంలో నిద్రపోయేదాన్ని. ఇప్పుడు రెప్ప వేస్తే ఒట్టు.

మా అమ్మమ్మకు అమ్మమ్మ మ్వానా మీజె. ఆవిడ తప్పటడుగులు వేస్తున్నప్పుడే వాళ్ళ నాన్న మెయిన్‌లాండు అడవి నుంచి పెద్ద మాను తెప్పించాడట. ఏనుగు దంతాలూ మడకర్రా అరబ్బు దేశాలకు పంపే వర్తకుడాయన. ఆ మానును సియూ వాగు బురదలో పాతిపెట్టించాడు, పురుగు పట్టకుండా. పిల్ల ఎదిగే దాకా అది ఉప్పునీళ్ళలో నానింది. పిల్లకు సంబంధం కుదరగానే బయటికి తీసి ఆరబెట్టి, చెక్కేవాణ్ణి పిలిచారు. ఆ రోజుల్లో నగిషీ పనికి సియూ పెట్టింది పేరు. ఆయన వాళ్ళింట్లోనే తిని, వాళ్ళ వాకిట్లోనే పడుకుని, ఈశాన్యపు గాలి వీస్తుండగా మొదలుపెట్టి, మళ్ళీ అదే గాలి తిరిగేదాకా చెక్కాడు.

"అప్పటికి పెళ్ళికూతురి ఇల్లేది?" అనడిగాను, తెలిసీ.

"ఇల్లెక్కడిదే! ముందు తలుపు. ఖాళీ స్థలంలో తలుపు నిలబెట్టారు. ఆ తర్వాతే గోడలు. తలుపు లేవందే ఆయన ఇల్లు కడతాడని ఎవరు నమ్ముతారు? తలుపు లేచాక కట్టడని ఎవరనగలరు? పరదేశపు వర్తకులు పడవ దిగి, వీధిలో నడుస్తూ తలుపులు చూసి, ఎవరింట్లో దిగాలో తేల్చుకునేవాళ్ళు."

జాంజిబార్ నుంచి మా వైపు తలుపుల్లోకి విల్లులా వంగిన పైకమ్మీ ఇత్తడి ముళ్ళూ వచ్చింది చాలా తర్వాత. పెద్దమ్మకు అవంటే మంట. ఇండియా వడ్రంగులు తెచ్చిన మోజు అంటుంది. వాళ్ళ దేశంలో ఏనుగులు వచ్చి తలుపును గుద్దకుండా ముళ్ళు పెట్టుకుంటారట. "మనకున్నవి గాడిదలు. గాడిదకి ఇత్తడి ముల్లెందుకే?"

జాంజిబార్ సుల్తాను సైన్యం సియూ మీద పడ్డప్పుడు సిపాయిలు వంటచెరుకు కోసం తలుపులు పీకి తగలేశారట. మ్వానా మీజె, వాళ్ళ తోడికోడళ్ళు, దాసీలు అందరూ కలిసి ఒక్క పూటలో మా తలుపు మీద సున్నం మెత్తేశారు. వీధిలోంచి చూస్తే వట్టి గోడ. సిపాయిలు ఆ గోడకే ఆనుకుని వంట చేసుకున్నారట! లోపల ఆడవాళ్ళు నోరు నొక్కుకుని కూర్చున్నారట.

ఇది నిజమో కాదో నాకు తెలియదు. నిజమైతే బాగుండునని ఇవాళ ఎంత గట్టిగా అనిపించిందో!

జనవరి 30

పడవ దొరికింది. సరంగు లాలీ తీసుకెళతానన్నాడు. కానీ సియూ వాగులోకి పడవ వెళ్ళాలంటే పున్నమి పోటు రావాలి. మిగతా రోజుల్లో అది బురదే.

"అంటే ఆ హోటలు వాడు కూడా పున్నమి దాకా ఆగాల్సిందే కదా?" అన్నాను.

లాలీ పొగాకు ఉమ్మి నవ్వాడు. "ఆగాల్సిందే అక్కా. వాడి పడవ మనదాని కన్నా పెద్దది. ఇంకా ఎక్కువ నీళ్ళు కావాలి."

అంటే ఇది పందెమే! నేను చూడటానికి వెళ్తున్నానని గుర్తు పెట్టుకోవాలి.

ఫిబ్రవరి 3

పక్కింటి రుకియా, వాళ్ళాయన మొంబాసాలో అబూద్‌ను చూశాడంది. బజారులో ఆడవాళ్ళు చుట్టుకునే కొత్త కాంగా గుడ్డలు కొంటున్నాడట. పక్కన ఒకామె ఉందట, వయసులో ఉన్నదట.

వాళ్ళ చిన్నాన్న కూతురై ఉంటుంది.

వాళ్ళ చిన్నాన్నకు కూతుళ్ళు లేరనుకుంటాను. ఉండే ఉంటారు.

ఫిబ్రవరి 8

ఫుమో మామ వస్తానన్నాడు! సియూలో పుట్టి లాములో స్థిరపడ్డ వడ్రంగి. ఇప్పుడు టూరిస్టులకు చిన్న పెట్టెలు చెక్కి అమ్ముతున్నాడు. పెద్దమ్మకూ ఆయనకూ చిన్నప్పటినుంచీ పడదు. దారిలో ఎదురైతే ఇద్దరూ చెరో గోడవైపు తిరుగుతారు. ఇవాళ పెద్దమ్మ ఆయన దుకాణం ముందు నిలబడి, నన్నే చూస్తూ ఆయనతో మాట్లాడింది.

"సోమోయే, ఆ తలుపు విడదీయడం వచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరన్నా మిగిలారేమో కనుక్కోవే."

ఫుమో మామ కూడా నా వైపే చూశాడు. "ఉన్నారని చెప్పమ్మా. మీ పెద్దమ్మ పడవలో నోరు మూసుకు కూర్చుంటానంటే వస్తారని కూడా చెప్పు."

"అటు పోయేటప్పుడు మూసుకుంటానని చెప్పు. వచ్చేటప్పుడు మాటివ్వలేను."

ఫుమో మామ నాకు ఒక చెక్కముక్క మీద గీసి చూపించాడు. ఆ తలుపులో ఇనప మేకు ఒక్కటీ లేదు. అన్నీ చెక్క చీలలు. రెక్కలు తిరిగేది కూడా గడపలోని గుంటలో, పైకమ్మిలోని గుంటలో. ముందు పైనున్న గోడ విప్పాలి, తర్వాత పైకమ్మి, తర్వాత రెక్కలు, ఆ తర్వాతే నిలువు కమ్ములు. ఈ వరస తప్పితే పగులుతుంది. కొనేవాళ్ళకు అంత ఓపిక ఉండదు. రంపం పెట్టి కోసేస్తారు.

"రంపమా?"

"కోసి, తీసుకెళ్ళి, బంక పెట్టి అతికించి, భోజనాల బల్ల చేస్తారమ్మా."

రోజంతా చెవుల్లో రంపం చప్పుడే.

ఫిబ్రవరి 12

రేపు తెల్లారి ప్రయాణం. తాళ్ళు, గోనెసంచులు, పాత తెరచాప గుడ్డ, రెండు గడ్డపలుగులు, ఎండుచేప, బియ్యం సర్దాను. చూడటానికి వెళ్ళేవాళ్ళకు గడ్డపలుగులెందుకని అత్తగారు అడిగింది.

పాములుంటాయన్నాను.

ఫిబ్రవరి 14, సియూ

ఎక్కడ మొదలుపెట్టను!

మేం పోటుతోపాటే వాగులోకి వచ్చాం. రెండువైపులా మడ చెట్లు, మధ్య సన్నటి నీటిదారి. లాలీ గడకర్రతో తోస్తున్నాడు. మలుపు తిరిగేసరికి, రేవులో పెద్ద పడవ అప్పటికే కట్టేసి ఉంది. దాని మీద రంపాలు.

పెద్దమ్మ పడవ ఆగకముందే దూకింది. మోకాలి లోతు బురద. ఒంటి మీది నల్ల ముసుగు, బుయిబుయి, ఎత్తిపట్టుకుని, నన్నూ, ఫుమో మామనూ, ఎవర్నీ చూడకుండా ఊళ్ళోకి నడిచింది. నేను వెనకాల పరుగెత్తాను.

ఇల్లు నిజంగానే కూలిపోయింది. కప్పు లేదు. లోపల మ్బరాకా మేకలు. కానీ వీధి గోడ నిలబడే ఉంది, అందులో తలుపు. చిన్నప్పుడు చూసినప్పుడు అది నాకు ఆకాశమంత ఉండేది. ఇప్పుడూ అంతే ఉంది! నిలువు కమ్ముల మీద గొలుసు, కింద అలలు, అలల్లో చేప, పైకమ్మి మీద వరసగా విచ్చిన పూలు. ఎర్రమట్టి రంగు అక్కడక్కడా ఇంకా ఉంది. దగ్గరికి వెళ్ళి గాట్లలోకి చూశాను. లోపల తెల్లగా గట్టిపడిన సున్నం! పూవు రేకుల మధ్య, చేప కంటిలో. గోరుతో గీకితే పొడి రాలింది.

"పెద్దమ్మా! సున్నం! సున్నం ఉంది!" అని అరిచాను.

"మరి నేను నీకు అబద్ధాలు చెప్పానా?" అని గడప మీద చతికిలబడింది పెద్దమ్మ. చూడనైనా లేదు. కూర్చుంది, అంతే.

అప్పుడు వచ్చారు వాళ్ళు. ముందు మ్బరాకా. వెనక నల్ల కళ్ళద్దాల మనిషి, స్వాలెహె, హోటలు తరఫున తలుపులు కొనేవాడు. వెనక రంపాలతో నలుగురు.

మ్బరాకా ముఖం పాలిపోయింది. "అత్తా, నువ్వా! ముందు కబురు చేస్తే..."

"కబురు చేస్తే ఏం చేసేవాడివి? నిన్ననే కోయించేసేవాడివి."

"కప్పు లేదు అత్తా. మేకలకి ఇంత చెక్కడపు తలుపెందుకు చెప్పు?"

"మేకలకున్న బుద్ధి నీకు లేదురా. ఇన్నేళ్ళూ అవి తలుపు తినలేదు."

చూస్తున్నవాళ్ళు గొల్లున నవ్వారు. అప్పటికే సగం ఊరు పోగైంది. స్వాలెహె మర్యాదస్తుడే. కళ్ళద్దాలు తీసి వంగి మాట్లాడాడు. "బీబీ, ఇక్కడ ఇది చెదలు పట్టి పోతుంది. మా హోటల్లో అద్దాల గదిలో పెడతాం. ప్రపంచమంతా వచ్చి చూస్తుంది. ధర మీరే చెప్పండి."

"ఈ తలుపు వెనకాలే మా అమ్మ నన్ను కన్నది. చెల్లెల్ని కన్నది. ఈ తలుపు రెండు రెక్కలూ తీసి అమ్మ శవాన్ని మోసుకెళ్ళారు. వీటన్నిటికీ ధర నువ్వే వేసి చెప్పు నాయనా, నాకు లెక్కలు రావు."

స్వాలెహె కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. కానీ రంపాలవాళ్ళలో ఒకడు, వాడికి పోటు తగ్గేలోపు వెళ్ళాలనే తొందర, నిచ్చెన తెచ్చి గోడకు వేశాడు. నేనేం ఆలోచించానో నాకు తెలియదు. వెళ్ళి నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చున్నాను. నేను! అత్తగారి ముందు గట్టిగా తుమ్మని మనిషిని! "నన్ను ఎత్తి పక్కన పెట్టి ఎక్కండి" అన్నాను. నా గొంతు ఎవరిదో గొంతులా వినపడింది.

ఎదురింటి ముసలమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆవిడ కోడలు వచ్చింది. చంకలో పిల్లతో ఒకామె వచ్చింది. కాసేపట్లో గోడ పొడవునా నల్ల బుయిబుయిలే. ఎవరో నూనెలో వేయించిన మండాజీ రొట్టెలు తెచ్చి పంచారు. ఒకామె పెళ్ళిపాట ఎత్తుకుంది. రంపాలవాళ్ళు ఎండలో నిలబడి మా వైపు చూస్తూ ఉండిపోయారు. ఒకడికి మండాజీ ఇచ్చాం. తిన్నాడు.

చివరికి ఊరి పెద్ద వచ్చి ఇల్లెవరిదని అడిగాడు. మ్బరాకా తలవంచుకుని, "అత్తది" అన్నాడు. అంతే, తేలిపోయింది.

ఇంకో సంగతి కూడా రాయాలి. వెళ్ళిపోతూ స్వాలెహె నాతో, "ఈ ఊళ్ళో తలుపు ఇదొక్కటే కాదమ్మా" అన్నాడు. పొద్దు వాలే వేళకు వీధి చివరనుంచి రంపం చప్పుడు మొదలైంది. అది ఎవరింటిదో ఆ ఇంటివాళ్ళే అమ్ముకున్నారు. ఎవరం ఏం అనగలం? పెద్దమ్మ చెవులు మూసుకుంది. ఫుమో మామ ఆవిడ పక్కన కూర్చుని, మొదటిసారి తిన్నగా ఆవిడతోనే మాట్లాడాడు. "ఆ తలుపు మా తాత చెక్కింది, జైతూనీ."

పెద్దమ్మ తన కాఫీ ఆయనకిచ్చింది.

ఫిబ్రవరి 15

చేతులు బొబ్బలు. పైకమ్మి దిగింది. పగల్లేదు! పగల్లేదు!

ఫిబ్రవరి 17, లాము

వచ్చేశాం. బతికి వచ్చాం.

నిన్న మధ్యాహ్నం పోటుకు తలుపు ముక్కలన్నీ పడవలోకి ఎక్కించాం. మోసింది మ్బరాకానే. సిగ్గో ప్రేమో తెలియదు గాని పైకమ్మి ఒక కొస ఒక్కడే భుజాన వేసుకున్నాడు. రేవులో పెద్దమ్మ వాడి చెవి మెలిపెట్టి, ఆ చెవి దగ్గరే ముద్దు పెట్టుకుంది.

పడవ అంచుదాకా మునిగింది. లాలీకి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. రాత్రికి వాగు మూతి దగ్గర లంగరు వేసి, ఇవాళ మండా దీవి వెనక ఇరుకు కాలువలోకి వచ్చాం. సగం దాటామో లేదో పాటు మొదలైంది. గుర్రుమని కింద ఇసుక గీసిన చప్పుడు. పడవ ఆగిపోయింది.

"బరువు దించాలి" అన్నాడు లాలీ. "లేకపోతే నీళ్ళు పోయాక పక్కకి ఒరిగి పలకలు విడిపోతాయి."

"ఏం దించుతావు? మా పెద్దమ్మనా?" అన్నాను.

"ఆవిడ తేలిక. తలుపు దించాలి."

ఫుమో మామ ఒప్పుకోలేదు. పడవ మీదున్నవాళ్ళందరం ఒకేసారి అరుచుకున్నాం. నీళ్ళు తగ్గిపోతూనే ఉన్నాయి. అప్పుడు పెద్దమ్మ అంది: "ఆ మాను అన్నేళ్ళు ఉప్పునీళ్ళలోనే ఉందిరా. ఇంకో గంటకి చచ్చిపోదు."

నేనే ముందు దిగాను. నడుము లోతు. బుయిబుయి తీసి పడవలోకి విసిరేశాను. లాలీ, ఫుమో మామ పైకమ్మిని నెమ్మదిగా నీళ్ళలోకి జార్చారు. తేలీ తేలకుండా, ఒళ్ళు నీళ్ళలో దాచుకుని వీపు మాత్రం చూపించే పెద్ద చేపలా ఉంది. దాన్ని రెండు చేతులా కౌగిలించుకున్నాను. తర్వాత రెక్కలు. వాటిని తాడుతో నా నడుముకు కట్టారు. పాటు లాగుతోంది, కాళ్ళ కింద ఇసుక జారుతోంది, మ్వానా మీజె తలుపు నన్ను సముద్రంలోకి లాక్కుపోతోంది! వదల్లేదు. దానితో మాట్లాడాను. ఏం మాట్లాడానో రాయను. గట్టిగా ఏడ్చాను కూడా. ఏడుపు తలుపు గురించి కాదనిపిస్తోంది. దేని గురించో ఇప్పుడు ఆలోచించను.

పడవ లేచింది! లాలీ కేక పెట్టాడు. లోతులోకి తోసుకెళ్ళి, మళ్ళీ ముక్కలన్నీ ఎక్కించాం. నా చేతుల మీద పువ్వుల అచ్చులు పడ్డాయి. ఇంకా ఉన్నాయి, చూసుకుంటున్నాను.

పెద్దమ్మ దారంతా మాట్లాడుతూనే ఉంది. ఫుమో మామ ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఫిబ్రవరి 18

రేవు నుంచి గాడిదల మీద వేయించి ఇంటికి తెచ్చాను. అత్తగారు వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఈ కట్టెలు నా ఇంట్లో పెట్టేది లేదు. చోటు లేదు."

"వెనక గది ఖాళీగానే ఉంది కదా అత్తయ్యా."

"ఆ గది కావాలి."

"ఎవరికి?"

ఆవిడ కాఫీ గిన్నె అటు తిప్పి ఇటు తిప్పి, "వాడు వస్తున్నాడు. ఒక్కడే రావట్లేదు" అంది. "మొన్న రజబు నెలలో నికా అయింది. నీకు చెప్పమని వాడు నాతో అన్నాడు. నీకేమో తలుపుల మీదుంది ధ్యాస."

అబద్ధం. ఆవిడకు నేనంటే ఎప్పుడూ పడదు. కడుపుమంటతో చెప్పింది.

ఫిబ్రవరి 19

అబద్ధం కాదు.

ఫిబ్రవరి 20

ఏమీ రాయాలని లేదు.

ఫిబ్రవరి 24

పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. తలుపు ఆవిడ వాకిట్లో గోడకు ఆనించి ఉంది. దాని మీద కోళ్ళు ఎక్కుతున్నాయి.

మూడు రోజులుగా పెద్దమ్మ నన్ను ఏమీ అడగలేదు. ఇవాళ పొద్దున కొబ్బరిపాల అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"లంగోని పేటలో మీ అమ్మ స్థలం ఉందిగా."

"ఉంది. ఖాళీ స్థలం. ముళ్ళచెట్లు."

"నేనడిగింది స్థలం ఉందా లేదా అని. ముళ్ళ గురించి అడగలేదు."

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆవిడ ఏం అంటోందో అర్థమైంది. ముందు తలుపు, ఆ తర్వాతే గోడలు! కడుపులోంచి నవ్వు పొంగుకొచ్చింది. నలభై ఏళ్ళు వస్తున్నాయి, పిల్లాజెల్లా లేరు, మొగుడు ఇంకొకామెను కట్టుకున్నాడు, నేనేమో అన్నం ముందు కూర్చుని పగలబడి నవ్వుతున్నాను! పెద్దమ్మ కూడా మొదలుపెట్టింది. కోళ్ళు బెదిరి ఎగిరాయి.

ఇల్లు కట్టడం నాకేం తెలుసు? ఏమీ తెలియదు. రేపు ముళ్ళచెట్లు కొట్టిస్తాను.

మార్చి 1

ఫుమో మామ విరిగిన చీలలన్నీ కొత్తగా చెక్కాడు. నిలువు కమ్మి మీది గొలుసు నగిషీలో ఒక కడియం పోయింది, అది కూడా చెక్కుతున్నాడు. దగ్గర కూర్చుని చూశాను. కొత్త కడియం తెల్లగా ఉంది, పాతవాటిలో కలవలేదు. రంగు పూయనా అన్నాడు. వద్దన్నాను. అదొకటి మన కాలంది అని తెలియనీ.

మార్చి 6

లేచింది!

లంగోనిలో, ముళ్ళు కొట్టేసిన నేల మీద, నాలుగు వైపులా ఏమీ లేకుండా, తలుపు నిలబడింది. గడప పాతి, కమ్ములు నిలిపి, వెనక మడ దూలాలతో పోటు పెట్టి, పైకమ్మి ఎక్కించారు. ఎక్కించేటప్పుడు వీధి వీధంతా వచ్చింది. తాడు లాగడానికి నేనూ ఒక చేయి వేశాను. పైకమ్మి కూర్చున్నప్పుడు వచ్చిన ఆ బరువైన చప్పుడు! రెక్కలు పెట్టి ఫుమో మామ వేలితో తోశాడు. కిర్రుమనకుండా తిరిగాయి.

"ఇదెవరి ఇల్లు?" అని దారినపోయే ఒకాయన అడిగాడు.

"సోమోయెది" అన్నారెవరో.

ఎక్కడా ఇల్లు లేదు. కానీ ఆయన, "బాగుంది ఇల్లు" అని వెళ్ళాడు.

మార్చి 10

జనం వచ్చి చూసి వెళ్తున్నారు. బడిపిల్లలు ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోతున్నారు. మా అత్తగారు రాలేదు. రాళ్ళు వస్తున్నాయి. సున్నం కాలుస్తున్నారు.

మార్చి 13

మౌలిద్, ప్రవక్త పుట్టినరోజు పండగ. ఊరంతా పాటలే, వీధుల్లో కాలు పెట్టే చోటు లేదు. దఫ్ డప్పుల మోతకు ఒళ్ళు ఊగిపోయింది. పెద్దమ్మా నేనూ మిద్దె మీద నుంచి చూశాం. పండగకని మొంబాసా పడవలు వచ్చాయి. జనంలో అబూద్‌ను చూశాను. కొత్త టోపీ పెట్టుకున్నాడు. చిక్కిపోయాడు.

మార్చి 14

అబూద్ వచ్చాడు.

నేను స్థలంలో ఉన్నాను, రాళ్ళు పేరుస్తున్నాను. పెద్దమ్మా ఫుమో మామా ఒక కుప్ప మీద కూర్చుని ఎవరి చెల్లెలు ఎవర్ని చేసుకుందో వాదించుకుంటున్నారు. తలుపు వేసి ఉంది. ఎండలో రెక్కలు బీటలివ్వకుండా వేసి ఉంచమన్నాడు ఫుమో మామ.

అబూద్ వీధిలో ఆగి చూశాడు. తర్వాత తలుపు పక్కనుంచి, ఖాళీ జాగాలోంచి నడిచి రాబోయాడు.

"గోడకి గుద్దుకుంటావు, చూసుకో!" అని పెద్దమ్మ కేక.

అతను ఉలిక్కిపడి ఆగాడు. "ఏ గోడ?"

"కడుతున్నాం."

వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగిపోయారు. అబూద్ అటూ ఇటూ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత, ఏమనుకున్నాడో, వెనక్కి వెళ్ళి తలుపు ముందు నిలబడి చెప్పులు విడిచాడు.

"హోడీ" అన్నాడు.

పన్నెండేళ్ళు కాపురం చేశాను. ఇంట్లోకి రావచ్చా అని నన్ను ఎప్పుడైనా అడిగాడా? అడిగే అవసరమే రాలేదు. ఆ ఇల్లు నాది కాదు కదా.

చేతులు దులుపుకుని వెళ్ళి ఒక రెక్క తీశాను. ఒకటే. గడప ఇవతల నేను, అవతల అతను.

"ఒక్కదానివే ఇక్కడేం చేస్తున్నావు, సోమోయే? అమ్మ బెంగ పెట్టుకుంది."

"అత్తయ్యకి నా మీద బెంగా?"

కొంచెం నవ్వాడు. తర్వాత నవ్వు పోయింది. "నేను చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. జుమైదా మంచిదే. నువ్వు పెద్దదానివిగా ఉంటావు, అదే ఇంట్లో. వెనక గది తనకి, ముందు గది నీకు. నిన్ను వదిలేస్తానని నేను అనలేదు."

అతని గొంతులో కపటం లేదు. అదే బాధ. నిజంగానే నాకొక గది ఇస్తున్నాననుకుంటున్నాడు.

"నీ మీద నాకు కోపం ఉంది" అన్నాను. "చాలా ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది. కానీ అక్కడికి రాను. ఖాజీ దగ్గరికి ఎప్పుడు వెళ్దామో చెప్పు."

"ఇక్కడేముందే! ఇక్కడ ఇల్లే లేదు."

దాహంగా ఉన్నట్టు కనిపించాడు. చింతపండు పానకం ఒక గ్లాసుడు ఇచ్చాను. గడప అవతలే నిలబడి తాగాడు. తాగుతూ నిలువు కమ్మి వైపు చూశాడు. కొత్త కడియం మీద వేలు పెట్టి, "ఇది వేరేగా ఉందే" అన్నాడు.

"కొత్తది."

"బాగుంది" అన్నాడు. నిజంగానే అన్నాడు. గ్లాసు ఇచ్చేశాడు. "గురువారం ఖాజీ ఉంటాడు. వస్తాను."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. సందు మలుపు తిరిగేదాకా చూశాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. రెక్క మూసి, గడియ పెట్టాను.

వెనక్కి తిరిగేసరికి పెద్దమ్మా ఫుమో మామా నన్నే చూస్తున్నారు.

"గడియ కూడా పెట్టావుటే?" అంది పెద్దమ్మ.

చూశాను. ఎడమవైపు వీధి, కుడివైపు వీధి, మధ్యలో గడియ పెట్టిన తలుపు. ఒక మేక తాపీగా ఎడమ పక్కనుంచి లోపలికి నడిచి వస్తోంది.

నవ్వి నవ్వి రాళ్ళ కుప్ప మీద కూలబడ్డాను. గడియ తియ్యలేదు. రేపు మేస్త్రి వస్తాడు. ఎడమ గోడతో మొదలుపెట్టమంటాను.